సున్నా మంది వచ్చారు

లెక్కల మాస్టారి ముందు ‘లేదు’ అని తప్పించుకున్నవాడు ఇంతవరకూ లేడు. తప్పు, తప్పు. సున్నా మంది ఉన్నారు. ఆయన రిటైరయ్యారు గానీ ఆయన లెక్కలు కాలేదు. అంకెలు మనం కల్పించుకున్నవి కావనీ, రాళ్ళూ చెట్లూ ఉన్నట్టే నిక్షేపంగా ఉన్నాయనీ, వాటిలో సున్నాకే అన్యాయం జరుగుతోందనీ ఆయన బాధ.

కోడలికి ఈ సంగతి కాపురానికొచ్చిన మర్నాడే తెలిసింది.

“పంచదార లేదు మావయ్యగారూ.”

“లేదనకమ్మా. సున్నా చెంచాలున్నాయి.”

“అయితే కాఫీలో అన్నీ వేసేశాను, తాగండి.”

ఆయన చివరి చుక్కదాకా తాగేశారు. మాటకోసం చేదైనా మింగే మనిషి.

పక్కింటి తెలుగు మాస్టారితో రోజూ ఇదే రగడ.

“ఉంటే చూపించవయ్యా నీ సున్నాని!”

“ముందు నువ్వు ఏడుని చూపించు. ఏడు కుర్చీలు కాదు, ఒట్టి ఏడు.”

“నీతో వాదిస్తే ఒట్టి ఏడుపే కనిపిస్తోంది.”

ఇలా ఉండగా కోడలు వీధిగదిలో గడియారాలు బాగుచేసే దుకాణం పెట్టింది. పుట్టింట్లో తండ్రి దగ్గర ముచ్చటపడి నేర్చుకున్న పని. “నెలాఖరుదాకా చూద్దాం. ఎవరూ రాకపోతే గది అద్దెకిచ్చేద్దాం” అన్నాడు భర్త. వీధిన పోయేవాళ్ళు లోపలికి తొంగిచూసి, గోడమీది గడియారంలో టైము చూసుకుని చక్కాపోయేవారు.

“ఎంతమందమ్మా?” అని సాయంత్రం మాస్టారు అడిగేవారు.

“ఎవరూ రాలేదు.”

“సున్నా మంది వచ్చారు!” అని ఆయన సంబరం.

నెలాఖరు ముందురోజు ఆమెకి ఒళ్ళు మండింది. “ఎవరూ రాలేదు మావయ్యా. మీకు పుణ్యముంటుంది, ఇవాళ సున్నా అనకండి.” కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మాస్టారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. “తెలుగు మాస్టారి దుకాణానికి ఇవాళ ఎంతమంది వచ్చారు?”

“ఆయనకి దుకాణమేదీ?”

“అదీ! సున్నాకి కూడా నోచుకోని మనిషి. నువ్వు తలుపు తీసి కూర్చున్నావు గనక నీకుంది. ఎవరి సున్నా వాళ్ళే సంపాదించుకోవాలమ్మా.”

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు ఇంకా కోపమొచ్చింది.

తెల్లారేసరికి తెలుగు మాస్టారు గోడగడియారం చంకన పెట్టుకుని హాజరు. వెనకే సైన్సు మాస్టారు, డ్రిల్లు మాస్టారు, తలో గడియారంతో. విప్పి చూస్తే మూడింటికీ ఒకటే జబ్బు: పళ్ళచక్రాల మధ్య సుద్దముక్క.

కోడలు ఆ మూడు ముక్కలూ కొంగున ముడేసుకుంది. ఈలోగా వాకిట్లో గుంపు చూసి, దారినపోయే ఒకావిడ ఆగి చేతిగడియారం విప్పి ఇచ్చింది. అందులో సుద్ద లేదు, నిజంగానే తుప్పుపట్టింది. ఆ తుప్పు చూడగానే కోడలికి ప్రాణం లేచొచ్చింది. ఆవిడ చెప్పగా సాయంత్రానికి మరో ఇద్దరొచ్చారు. గది అద్దె మాట భర్త మళ్ళీ ఎత్తలేదు.

రాత్రి భోజనాల దగ్గర కోడలు మూడు సుద్దముక్కలూ అరచేతిలో పెట్టి చూపించింది.

“మావయ్యా, గడియారాల్లో ఇవి ఎవరు పెట్టారు?”

మాస్టారు కిటికీలోంచి బయటికి చూశారు. “ఎవరూ పెట్టలేదు.”

“సున్నా మంది పెట్టారనండి.”

మాస్టారు నాలుక కరుచుకున్నారు.