అరవై రెండు శాతం ఊపిరి

గుజరాత్‌లోని లింబాయత్‌లో మరమగ్గాలు, మా వాళ్ల మాటలో సాంచెలు, ఇరవై రెండేళ్లుగా నడుపుతున్నాను. దగ్గు వచ్చినా పట్టించుకోలేదు. ఈ వానాకాలం రెండో అంతస్తులోని మా గదికి ఎక్కుతూ రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. మొదటిసారి చెప్పు సరిచేసుకుంటున్నట్టు నటించాను. రెండోసారి మా ఆవిడ నమ్మలేదు, మర్నాడే ఆస్పత్రికి లాక్కెళ్లింది. డాక్టరు ఊపిరి పరీక్ష రాసి, అది చూశాకే సాంచ మీదికి వెళ్లొచ్చో లేదో చెబుతానన్నాడు. అంతవరకూ నాకు నవ్వులాటగానే ఉంది.

పరీక్ష గదిలో గుజరాతీ అమ్మాయి నా ముక్కుకు క్లిప్పు పెట్టింది. ముందు నిండా గాలి పీల్చుకొని, తర్వాత నోట్లోని అట్టగొట్టంలోకి ఒక్కపెట్టున ఊదమంది. గొట్టం పెదాలకు తగలగానే సర్రున లోపలికి పీల్చాను. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో దారపు కండె మార్చిన ప్రతిసారీ నాడె రంధ్రానికి నోరు పెట్టి దారాన్ని పీల్చి లాగడమే మా పద్ధతి. పెదాలకు వచ్చిన విద్య అదొక్కటే.

"ఫూంకో, కాకా, ఫూంకో" అని, పీల్చొద్దు ఊదమని ఆ అమ్మాయి బతిమాలింది.

నాలుగోసారికి ఊదాను. ఊపిరి అయిపోయిందని చేత్తో సైగ చేసినా ఇంకా, ఇంకా అంటూనే ఉంది. తర్వాత మందు పీల్పించి, పావుగంట ఆగి మళ్లీ ఊదించింది.

మొత్తం ఊదిన గాలి ఒక లెక్క, అందులో మొదటి సెకనులో వచ్చింది ఇంకో లెక్క అని డాక్టరు కాగితం చూపించాడు. ఆ మొదటి సెకనులో నాకు అరవై రెండు శాతం. ఐదో తరగతితో బడి మానేసినవాడికి ఫస్టు క్లాసు! మా ఆవిడ వైపు గర్వంగా చూశాను. ఇవి మార్కులు కావు, నీ వయసూ నీ ఎత్తూ ఉన్న ఆరోగ్యవంతుడు వంద ఊదేచోట నువ్వు అరవై రెండు ఊదావని ఆయన హిందీలో విడమరిచాడు. ఆ వంద ఊదేవాడు ఏ కార్ఖానాలో పనిచేస్తాడో చెప్పలేదు. మందు తర్వాత డెబ్బై ఒకటట. ఎంత ఊదినా కొంత గాలి లోపలే మిగులుతుందనీ, దాన్ని ఈ యంత్రం కొలవలేదనీ కూడా అన్నాడు. కొలవకుండా ఉందని ఎలా తెలిసిందని అడగబోతే మా ఆవిడ మోచేత్తో పొడిచింది.

"గీ లెక్కలన్నీ పక్కకు వెట్టు. సాంచ మీదికి పోవచ్చునా, పోవద్దా? జర గది అడుగు."

అడిగాను. నెల రోజులు దుమ్ములోకి వెళ్లకుండా పంపు మందు పీల్చి, వచ్చి మళ్లీ ఊదమన్నాడు.

ఇప్పుడు మా కార్ఖానాలోనే, యజమాని సేఠ్‌ను అడిగి, బట్ట మడతపెట్టే గదిలో కూర్చుంటున్నాను. గోడ అవతల నా సాంచెలను వేరేవాడు నడుపుతున్నాడు. దగ్గు కాస్త తగ్గింది, మందు వల్లో, మడత వల్లో తెలియదు. నెల తర్వాత అంకె పెరిగితే, బాగైపోయావు, సాంచ మీదికి వెళ్లమంటాడా? దూరంగా ఉన్నావు కాబట్టే పెరిగింది, ఇక వెళ్లొద్దంటాడా?

మా ఆవిడకు ఈ తికమక లేదు.

"పెరిగినా తగ్గినా నువ్వు గా మడత గదిలనే కూసుంటవ్. సేఠ్‌కు చెప్పొచ్చిన."

అయితే మళ్లీ ఊదడం ఎందుకని అడిగాను. ఊదాల్సిందేనంది.