శనగచేలో ఒంటి బాతు

నా భార్య చనిపోయిన ఏడాదే నేను ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో లారీలు తూచే కాటా మీద పనికి చేరాను. మాకు పిల్లలు లేరు. రాత్రి డ్యూటీ దిగాక గదికి పోబుద్ధయ్యేది కాదు. బండి తీసుకుని ఊరవతలి చెరువు దగ్గరికి పోయి, ఎండెక్కేదాకా కట్ట మీద కూర్చునేవాణ్ణి.

ఆ చలికాలం చెరువుకు అడవి బాతులు వచ్చాయి. బూడిదరంగు ఒళ్లు, తెల్లటి తల మీద రెండు నల్లచారలు. ఊళ్లో కొందరు వాటిని హంసలంటారు. మొదట్లో అదంతా నాకు ఒకటే గుంపుగా కనబడింది. వారం రోజులు చూశాక తెలిసింది, అవన్నీ సంసారాలని. తల్లీ తండ్రీ, ఆ ఏడు పుట్టిన రెండో మూడో పిల్లలు. పిల్లల తలమీద ఇంకా చారలుండవు. కట్ట కింది శనగచేలో మేసేటప్పుడు పెద్దవాటిలో ఒకటి మెడ నిక్కించి కాపలా కాస్తుంది. లేవాలనుకుంటే ఒకటి తల ఎగరేస్తుంది, ఆ సంసారంలోవన్నీ ఎగరేస్తాయి, అప్పుడు కలిసి లేస్తాయి.

ఒక పిల్ల మాత్రం ఎవరిదీ కాదు. దాని తల్లిదండ్రులు దారిలో ఏమయ్యాయో. మూడు పిల్లలున్న ఒక సంసారం వెనకే నడిచేది. దగ్గరికొస్తే మగబాతు మెడ నేలబారుగా చాచి తరిమేది. అది నాలుగడుగులు పరుగెత్తి, ఏమీ జరగనట్టు గడ్డి కొరికేది. కాసేపటికి మళ్లీ వాటి వెనకే.

ఆ చేను ఒక ముస్లిం పెద్దాయనది. పొద్దుటి నమాజు కాగానే ఖాళీ నూనెడబ్బా, కర్ర పట్టుకుని బాతుల్ని తోలడానికి వచ్చేవాడు. ఒకరోజు నా పక్కన కూర్చున్నాడు.

"రోజూ ఈడ ఏం చూస్తాండావప్పా?"

"బాతుల్ని, మామా."

"నేనూ వాటినే చూస్తాండా. మొలకంతా మేస్తాండాయి." డబ్బా పక్కన పెట్టి అన్నాడు, "ఎల్లుండి నేను రాయచోటికి పోవల్ల. కూతురి కాన్పు. ఒక్కపూట డబ్బా నువ్వు కొడతావా?"

నన్ను ఎవరైనా ఒక పని అడిగి శానా రోజులైంది. సరేనన్నాను.

ఆ ఉదయం బాతులు చేలో దిగగానే డబ్బా కొట్టాను. సంసారాలు సంసారాలుగా లేచి, గోల చేస్తూ చెరువు నడుమ వాలాయి. ఒంటి పిల్ల లేవలేదు. అటూ ఇటూ చూసింది. కర్ర ఎత్తాను గానీ కొట్టలేకపోయాను. ఎండెక్కేదాకా అది మేసింది. రెండు మొలకలు కొరకడం, తలెత్తి చూడడం. కాపలా కూడా తనే కాసుకోవాలి కదా.

మర్నాడు పెద్దాయన వచ్చి, మనవడు పుట్టాడని నా చేతిలో ఖర్జూరాలు పెట్టాడు. చేనంతా తిరిగొచ్చాడు.

"ఆ మూల ఎట్ల మేసినాయప్పా? డబ్బా కొట్టలేదా?"

"కొట్టినా మామా. ఒకదాన్ని వదిలిపెట్టినా. దానికెవరూ లేరు."

ఆయన నా మొహంకేసి చూశాడు. "ఒక్కటి ఎంత మేస్తాదిలే," అన్నాడు.

నేను ముఖం తిప్పుకున్నాను. నా భార్య పోయాక అంతవరకూ ఎవరి ముందూ నాకు కళ్లు తడవలేదు.

శనగ పీకేనాటికి ఎండలు ముదిరాయి. ఒక ఉదయం చెరువు మీద ఒక్క బాతూ లేదు. ముందురోజు సాయంత్రం అవి ఉత్తరంగా పోవడం పెద్దాయన చూశాడట.

"ఆ ఒంటిది కూడా పోయిందా మామా?"

"వరస శానా పొడుగుండెనప్పా. పైన యాడ ఏది ఉండాదో నాకేం తెలుస్తాది."

ఆ మూడు పిల్లల సంసారం దాన్ని కలుపుకుందో లేదో నాకు తెలియదు. నేను చూసినన్నాళ్లూ కలుపుకోలేదు. ఆ తర్వాత కూడా కొన్నాళ్లు కట్ట మీదికి పోయాను. నీళ్లు తగ్గి, ఒండ్రు పగుళ్లిచ్చింది. ఒకరోజు సగం దారిలో బండి తిప్పి గదికి పోయి, ఒక మనిషికి సరిపడా బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టుకున్నాను.