బతుకమ్మ దగ్గర నాకేసిన కుర్చీ

మోకాలి ముందువైపు, సరిగ్గా చిప్ప దగ్గర, నొప్పి మొదలయ్యేసరికి దిల్‌సుఖ్‌నగర్‌లో మా గల్లీలో అందరూ డాక్టర్లే అయిపోయారు. గుజ్జు అరిగిందని అందరిదీ ఒకటే మాట. మా అత్తమ్మయితే తీర్పే ఇచ్చేసింది.

"నాకు గూడ గిట్లనే అయింది బిడ్డా. ఇగ కుర్చీయే గతి."

ఆమె బతుకమ్మ ఆడటం మానేసి, పక్కన కూర్చుని చూడటం మొదలుపెట్టి ఏళ్లయింది. పోయిన పండక్కి ఆమె పక్కన నాకూ ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ఒళ్లు మండిపోయింది. నలభై దాటాయో లేదో, అప్పుడే ముసలిదాన్నయ్యానా? మళ్లీ పండక్కి ఆ కుర్చీలో కూర్చునేది లేదనుకున్నాను.

కానీ ఎట్లా? నడిస్తే ఇంకా అరుగుతుందని భయపెట్టారు కదా, నడక మానేసి పొద్దంతా కుట్టుమిషన్ ముందే కూర్చునేదాన్ని. లేవబోతే ప్రాణం పోయేది. మెట్లు దిగాలంటే ఏడుపొచ్చేది.

చివరికి ఎల్‌బీ నగర్‌లో ఒక దవాఖానకు వెళ్లాను. అక్కడ వ్యాయామాలు నేర్పే అమ్మాయిది ఆంధ్రా వైపు. కాలు మడిచి, చాపి, నొక్కి చూసి నవ్వింది.

"గుజ్జుకేమీ కాలేదండీ. తొడ కండలో బలం తగ్గింది, ఆ భారమంతా చిప్ప మీద పడుతోంది. మోకాలు మడిచి అంతసేపు కూర్చోకండి. మధ్యమధ్యలో లేచి నడవండి."

తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టి, మోకాలితో దాన్ని కిందికి అదమమంది. కొంచెం నొప్పుంటే భయపడొద్దని, మరీ ఎక్కువైతే తగ్గించమని చెప్పింది. ఇంతేనా! ఈపాటిదానికా నేను ఇన్నాళ్లు ఏడ్చింది?

రోజూ టీవీ ముందు పడుకుని అదుముతుంటే మా ఆయనకు ఒకటే నవ్వు. "ఏందే, తువ్వాలతోని కుస్తీ పడుతున్నవా?" అత్తమ్మ మూతి విరిచేది. "అరిగిన గుజ్జు తువ్వాలతోని ఒస్తదా?" నేను వింటేగా! నెలలు పట్టింది గానీ, మెట్లు ఏడవకుండా దిగుతున్నాను.

ఈసారి సద్దుల బతుకమ్మకు మళ్లీ రెండు కుర్చీలు వేశారు. నా కుర్చీలో ప్రసాదం సత్తుపిండి గిన్నె పెట్టేసి ఆటలోకి దూరాను. వంగుతూ, చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే ఎంత సంతోషమో! మోకాలు కాస్త సణిగింది, సణగనీ అనుకున్నాను. అత్తమ్మ మాత్రం బతుకమ్మను చూడలేదు, నా కాళ్లనే చూస్తూ కూర్చుంది.

ఇంటికొచ్చి నేను కాళ్లు కడుక్కునేసరికి ఆమె మంచం మీద కాళ్లు చాపుకుని పడుకుంది.

"బిడ్డా, గా తువ్వాల జర నా మోకాలి కింద గూడ పెట్టు."