వరుస తిప్పినప్పుడల్లా మెడ కూడా

గోడకుర్చీకి భయపడి నేను ఏడో తరగతిలో బడి మానేశాను. లెక్కలన్నా భయమే గానీ, లెక్క తప్పితే వేయించేది గోడకుర్చీయే కాబట్టి రెండు భయాలూ ఒకటే. గోడకి వీపు ఆనించి, కింద కుర్చీ లేకుండానే కూర్చున్నట్టు నిలబడి, తొడలు వణుకుతుంటే మాస్టారి మొహం వంక చూస్తూ ఉండాలి. ఆ కష్టం పడలేక కలకత్తా ఖిదిర్‌పూర్ తెలుగు బడి గోడ దూకి పారిపోయినవాణ్ణి, నలభై నాలుగేళ్ళ తర్వాత చీటీ రాయించుకుని, గంటసేపు లైనులో నిలబడి మరీ, నా కూతురి ఈడు అమ్మాయి ముందు మళ్ళీ గోడకుర్చీ వేశాను. ఈసారి పారిపోదామన్నా మోకాళ్ళు ఒప్పుకోలేదు.

ఇదంతా ఒక క్రోషా సూది వల్ల వచ్చింది.

మాది తాతల నాటి నుంచీ కార్పొరేషన్ కొలువు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మా తాత రోడ్లు ఊడ్చాడు, మా నాన్న మురుగు కాలవల్లో దిగాడు, నేను పంపుహౌసులో కూర్చుని మంచినీళ్ళు వదులుతాను. మూడు తరాల్లో మురుగు నుంచి మంచినీళ్ళ దాకా వచ్చామని చెప్పుకోడానికి నాకు సిగ్గేం లేదు. నీళ్ళు వదిలేది రోజుకి మూడు పూటలు. మధ్యలో మోటారు చప్పుడు వింటూ కూర్చోవడమే. నా జతగాడు బెంగాలీ దాదా ఆ వేళలో చక్కగా కునుకు తీస్తాడు. నాకు పగలు నిద్ర రాదు.

ఓసారి మా ఆవిడ టీవీ మీద కప్పడానికని క్రోషా గుడ్డ మొదలుపెట్టి సగంలో విసిగి వదిలేసింది. ఆవిణ్ణి ఉడికించడానికి ఆ సూదీ దారమూ పట్టుకుని పంపుహౌసుకి పోయాను. నాలుగు రోజులు ఉడికిద్దామని పట్టుకున్నది పదిహేనేళ్ళయినా చేతిలోంచి దిగలేదు. ఈలోగా టీవీ పలచబడి గోడెక్కింది, కప్పడానికి ఏమీ మిగల్లేదు. అయినా నేను ఆగలేదు. కుర్చీలకి, మంచినీళ్ళ కుండకి, దేవుడి పీటకి, ఆఖరికి మా ఆవిడ ఫోనుకి కూడా అల్లేశాను. ఇంట్లో నేను కప్పనిది తిరిగే ఫ్యాను ఒక్కటేనని మా అమ్మాయి అందరికీ చెప్పేది.

ఆ అమ్మాయికే పెళ్ళి కుదిరింది. సాల్ట్ లేక్‌లో ఆఫీసు, అక్కడే పరిచయమైన బెంగాలీ కుర్రాడు. పొద్దున మన పద్ధతిలో, సాయంత్రం వాళ్ళ పద్ధతిలో అని రెండు వైపులా ఒప్పుకున్నాం. వాళ్ళ పెళ్ళిలో పిల్ల మొహానికి రెండు తమలపాకులు అడ్డం పెట్టుకుని వచ్చి, తర్వాత తీసి పెళ్ళికొడుకుని చూస్తుంది. మనకి అడ్డుతెర. జీలకర్ర బెల్లం పెట్టే వరకు ఇద్దరి మధ్యా పట్టుకునే గుడ్డ. మా అమ్మాయికి తెలుగు చదవడం రాదు, తిథులు తెలీవు, కానీ ఒక్కటి మాత్రం గట్టిగా అడిగింది: "నాన్నా, అడ్డుతెర కొన్నది వద్దు. నువ్వు అల్లిందే కావాలి."

ఆ మాట విన్నాక నేను నేల మీద లేను. దాదా మాత్రం నిద్రలోంచి ఒక కన్ను తెరిచి, తెర అన్నాక చాటు ఉండాలి, నువ్వల్లేది కన్నాల గుడ్డ, అది తెర కాదు కిటికీ అన్నాడు. నిజమే. అందుకని మధ్యన గంధం రంగు పట్టు గుడ్డ పెట్టి, చుట్టూ నాలుగు పక్కలా జానెడు వెడల్పు అల్లిక పట్టీ కుట్టాలని నిశ్చయించాను. మల్లెమొగ్గల వరస. సన్న దారం, సన్న సూది. పెళ్ళి మాఘంలో. నేను మొదలుపెట్టింది వానాకాలంలో.

మూడు పక్కలు అయ్యాయి. దసరా సెలవులన్నీ దాని మీదే పెట్టాను. ఊరంతా పూజా పందిళ్ళు తిరుగుతుంటే నేను పీట మీద నడుం వంచుకుని, గడ్డం ఛాతీకి ఆనించుకుని, వరుస మీద వరుస. నాలుగో పక్క మొదలుపెట్టిన వారంలో కుడి చేతి బొటనవేలూ దాని పక్క రెండు వేళ్ళూ మొద్దుబారిపోయాయి. సూది పట్టుకున్నానో లేదో చూసుకుంటే గానీ తెలిసేది కాదు. ఒకరోజు టీ గ్లాసు జారి కిందపడింది. గ్లాసు నునుపుగా ఉందన్నాను. మర్నాడు ఇంకోటి పడింది. మా ఆవిడ గ్లాసు వైపు కాదు, నా చేతి వైపు చూసింది. ఆ పొద్దునే నన్ను వార్డులోని చిన్న ఆస్పత్రికి లాక్కుపోయింది.

అక్కడ కసరత్తులు నేర్పే అమ్మాయి బెంగాలీ పిల్ల. ఆవిడ నన్ను కాకు అంది, అంటే బాబాయి; నేను దిదిమణి అన్నాను, అంటే అక్కగారు. మణికట్టు మీద నొక్కింది, మెడ తిప్పమంది, చేతులతో ఏం పని చేస్తారని అడిగింది. పంపుహౌసు అన్నాను. మిగతా వేళల్లో అని అడిగింది. పేపరు చదువుతానన్నాను. పక్కనుంచి మా ఆవిడ వచ్చీరాని బెంగాలీలో, ఈయన పేపరు తిరగేసినా బొమ్మలే చూస్తాడు, రోజంతా క్రోషా అల్లుతాడు అని గుట్టు విప్పేసింది. దిదిమణి నవ్వలేదు. మణికట్టు దగ్గర నరం నలుగుతోందని, వంచిన మెడ, వంచిన నడుము దానికి తోడయ్యాయని చెప్పింది. ఒక కాగితం మీద ఆరు బొమ్మలు గీసి ఇచ్చింది. అక్షరాలు తక్కువ, బొమ్మలు ఎక్కువ. నాలాంటివాడికి అదే పెద్ద మర్యాద.

గడ్డం వెనక్కి లాగి మెడ నిటారుగా పెట్టడం. భుజాలు చెవుల దాకా ఎత్తి ఒక్కసారిగా వదిలేయడం. దణ్ణం పెట్టినట్టు అరచేతులు కలిపి, ఆ దణ్ణాన్నే మెల్లగా కిందకి దించడం. పిడికిలి బిగించి, వేళ్ళు పువ్వులా విప్పడం. మడమలెత్తి వేళ్ళ మీద నిలబడటం. ఆరోదాన్ని చూడగానే గుర్తుపట్టాను. గోడకుర్చీ. పూర్తిగా కిందకి దిగక్కర్లేదు, కొంచెం దిగితే చాలు అంది. మా మాస్టారు కూడా అలా అని ఉంటే నేను ఎనిమిదో తరగతి చదివేవాణ్ణి.

అరగంటకోసారి లేవాలి, ఏది చేసినా నొప్పి పుట్టకుండా మెల్లగా చేయాలి అంది. ఇలా ఆరు వారాలు చేసి చూడండి, అప్పటికీ మొద్దు తగ్గకపోతే సూది పక్కన పెట్టేయాల్సిందే అంది. ఆరు వారాలంటే పెళ్ళి ముంగిట్లోకి వచ్చేసినట్టే. మా అమ్మాయికి ఈ సంగతి చెప్పొద్దని మా ఆవిడ దగ్గర మాట తీసుకున్నాను.

ఇక్కడ నా బుర్ర చేసిన ఘనకార్యం చెప్పాలి. మా డ్యూటీలో ఒక పద్ధతుంది. ఒకడు రాకపోతే ఇంకొకడు డబుల్ డ్యూటీ చేస్తాడు, తర్వాత సరిపెట్టుకుంటారు. నేను ముప్పై ఏళ్ళుగా అలాగే బతికాను. అందుకని సోమవారం నుంచి శనివారం దాకా కాగితం జేబులో పెట్టుకుని అల్లుకుంటూ కూర్చుని, ఆదివారం పొద్దున వారానికి సరిపడా కసరత్తు ఒక్కసారే లాగించేశాను. మెడలు, భుజాలు, దణ్ణాలు, గోడకుర్చీలు. క్వార్టర్ల వరండాలో పిల్లలు గుమిగూడి చూశారు. నాకు మహా సంబరంగా ఉంది. బాకీ తీర్చేశాను అనుకున్నాను.

మధ్యాహ్నం మాంసం కూర ముందు కూర్చున్నాను. ముద్ద కలిపాను. చెయ్యి పైకి లేవలేదు. మోచెయ్యి దాకా వచ్చి ఆగిపోయింది. నోరే కిందకి దించుదామంటే మెడ వంగలేదు. అన్నం అక్కడ, నేను ఇక్కడ. మా ఆవిడ ముద్దలు చేసి పెట్టింది. పెళ్ళయిన కొత్తలో కూడా ఇలా పెట్టలేదు నువ్వు, అన్నాను. అప్పుడే మా అమ్మాయి ఆ గదిలోకి వచ్చింది.

సంగతంతా బయటపడింది. నేనేవో నాలుగు జోకులు వేశాను. పిల్ల నవ్వలేదు. నా కుడి చేతిని తన ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే నొక్కుతున్నట్టు పట్టుకుని, తెలుస్తోందా అని అడిగింది. తెలుస్తోందన్నాను. నేనింకా నొక్కలేదు నాన్నా, అంది.

తర్వాత, పోనీ తెర కొనేద్దాం, అంది. మంచి మాటే. నా మీద జాలితో అన్న మాటే. అదే నన్ను ఎక్కువ నొప్పించింది. గ్లాసు పడ్డప్పుడు కూడా అంత దిగులు పడలేదు నేను. ఆరు వారాలు ఆగమ్మా, అప్పటికి కాకపోతే నేనే కొనుక్కొస్తాను అన్నాను.

సోమవారం దిదిమణి దగ్గరికి వెళ్ళి చేసిన ఘనకార్యం ఒప్పుకున్నాను. ఆవిడ తిట్టలేదు. బల్ల మీద పెన్ను తిప్పుతూ అడిగింది.

"కాకు, మీరు నీళ్ళు వదిలేది రోజుకి మూడు పూటలు కదా. వారం నీళ్ళన్నీ ఆదివారం ఒక్కసారే వదిలేస్తే మా వీధివాళ్ళు ఏం చేయాలి?"

బకెట్లు చాలవు, పైపులు పగులుతాయి అన్నాను. నోరు మూసుకున్నాక గానీ నేనేం చెప్పానో నాకు అర్థం కాలేదు. చదువుకున్నవాళ్ళు చెప్పిన వంద మాటలు నా తలకెక్కవు గానీ, వాల్వు మాట చెబితే ఒక్కసారికే ఎక్కుతుంది. పెద్ద వాల్వుని నేను ఎప్పుడూ ఒక్క ఊపున తిప్పను. కొంచెం తిప్పి ఆగి, నీళ్ళ చప్పుడు విని, మళ్ళీ కొంచెం తిప్పుతాను. నా ఒంటికి మాత్రం ఆ మర్యాద చేయలేదు.

అయినా అరగంటకోసారి గడియారం చూడటం నా వల్ల కాదు. అల్లేటప్పుడు అరగంట ఎటు పోతుందో తెలీదు. ఉపాయం అల్లికలోనే దొరికింది. క్రోషాలో వరుస చివరికి రాగానే గుడ్డని అటు తిప్పి వెనక్కి అల్లుకు రావాలి. ఎలాగూ గుడ్డ తిప్పుతున్నాను కదా, దాంతోపాటే మెడ తిప్పుదాం అనుకున్నాను. ఒక వరుసకి మెడ, ఇంకో వరుసకి భుజాలు, ఇంకో వరుసకి పిడికిలి, ఇంకో వరుసకి దణ్ణం. అయిదో వరుసకి కత్తెర అవసరం లేకపోయినా లేచి తెచ్చుకోవాలి. అందుకని కత్తెరని గది ఆ చివర మేకుకి తగిలించాను. పీట తీసేసి గోడ వారగా కుర్చీ వేసుకున్నాను. ఒళ్ళో దిండు పెట్టుకుంటే పనే మొహం దగ్గరికి వచ్చింది, మెడ వంచక్కర్లేకపోయింది.

రోజుకి పదిహేను వరుసలు, ఆపైన ఒక్కటి కూడా లేదు. ఆరు కసరత్తుల కన్నా కష్టమైన ఏడోది ఇదే. మొగ్గ సగంలో ఉన్నప్పుడు సూది దించడమంటే కథ మంచి పట్టులో ఉన్నప్పుడు లేచి పోవడం. మొదట్లో దొంగచాటుగా పదహారో వరుస అల్లబోయాను. దాదా పడుకునే లెక్కపెడుతున్నాడు. పదిహేను అయింది, మూసెయ్ అన్నాడు. ఆయనకి అల్లికా లేదు, నొప్పీ లేదు. ఊరికే తోడు కోసమని చెప్పి తనూ మెడ తిప్పడం మొదలుపెట్టాడు. మోటారు మోగుతుంటే ఇద్దరు ముసలాళ్ళు ఎదురెదురుగా నిలబడి పిడికిళ్ళు విప్పుతూ మూస్తూ ఉంటే, కొత్తగా వచ్చిన ఇంజినీరుగారు గుమ్మం దాకా వచ్చి అట్నుంచటే వెళ్ళిపోయారు.

ఇంట్లో మా ఆవిడ ఊరుకుంటుందా. గోడ ముందు నిలబడి చేతులు జోడించి కిందకి దించుతుంటే, "ఏటయ్యా, గోడకేటి దణ్ణం? అందులో ఏ దేవుడున్నాడు?" అనేది. అంటూనే నా కుర్చీ కాళ్ళ కింద అట్టముక్క పెట్టి ఊగకుండా సరిచేసేది. సాయంత్రం ఓడరేవు డాక్ గోడ వెంట బజారు దాకా నడవడానికి నాకన్నా ముందు చెప్పులేసుకునేది.

మూడు వారాలు ఏమీ జరగలేదు. నాలుగో వారం కూడా గొప్పగా ఏమీ జరగలేదు. అయిదో వారంలో ఒక చలి పొద్దున డ్యూటీకి పోయి వాల్వు చక్రం పట్టుకున్నాను. చల్లగా తగిలింది. అది రోజూ చల్లగానే ఉంటుంది, ఇనుము. నా బొటనవేలికి తగిలి మాత్రం రెండు నెలలైంది. చెయ్యి తీసి మళ్ళీ పెట్టాను. మళ్ళీ చల్లగా. దాదాని పిలిచి, ఇది చల్లగా ఉంది అన్నాను. చలికాలంలో ఇనుము చల్లగా ఉండటం కూడా నీకు వార్తేనా అన్నాడు. అంతలోనే అర్థమై, నా చెయ్యి పట్టుకుని కాసేపు ఊపాడు.

మా అమ్మాయికి నోటితో చెప్పలేదు. ఆ ఆదివారం తన ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని, నువ్వు నొక్కు, నేను చెబుతాను అన్నాను. బొటనవేలు, అన్నాను. చూపుడువేలు, అన్నాను. నడిమివేలి దగ్గర కొంచెం తడబడ్డాను గానీ చెప్పగలిగాను. ఆ తర్వాత తెర కొనే మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

నాలుగో పక్క పెళ్ళికి పది రోజుల ముందు అయింది. పొద్దున ముహూర్తంలో మా బావమరిది ఒక కొస, వరుసకి తమ్ముడయ్యేవాడు ఇంకో కొస పట్టుకున్నారు. పంతులుగారు మంత్రాలు సాగదీశారు. బావమరిది చేతులు వాలిపోతూ, తెర పెళ్ళికూతురి ముక్కు దాకా దిగింది. భుజాలు ఒకసారి ఎత్తి వదులు, తగ్గుతుంది అని పీటల మీంచే చెప్పాను. పంతులుగారు మంత్రం ఆపి నా వైపు చూశారు. జీలకర్ర బెల్లం పెట్టాక తెర దించారు. మా అమ్మాయి ముందుగా ఎదురుగా ఉన్న కుర్రాణ్ణి చూడాలి. చూసింది. కానీ దించేటప్పుడు ఆ నాలుగో పక్క పట్టీని వేళ్ళతో ఒకసారి తడిమింది. అది నేను చూశాను.

మర్నాడు పొద్దున ఇల్లంతా బోసిగా ఉంది. గోడ వారగా నా కుర్చీ. నేను మంచం దిగలేదు. పెళ్ళయిపోయింది, తెర అయిపోయింది, ఇంక మెడలూ లేవు, గోడకుర్చీలూ లేవు, నాకూ సెలవే అని ప్రకటించి దుప్పటి కప్పుకున్నాను. మా ఆవిడ టీ గ్లాసు తెచ్చి కావాలనే నా కుడి చేతికి అందించి, నేను గట్టిగా పట్టుకునే వరకు వదల్లేదు.

"అత్తోరింటికెల్లింది పిల్ల. నీ సేతులు ఎల్లనేదు గదా. లెగు," అంది.