వంగిన కనెక్టింగ్ రాడ్

గద్వాలలో మా అమ్మ తరఫు వాళ్లంతా చీరలు నేసేవాళ్లే. మా మేనమామ ఒక్కడే మగ్గం దిగి ఇంజన్ల పనిలోకి వెళ్లాడు. నాకు కార్ల పిచ్చి పట్టింది ఆయన షెడ్డులోనే. పెళ్లయి వనపర్తి దగ్గరి పల్లెకు కోడలిగా వెళ్లాక కూడా ఆ పిచ్చి వదలలేదు. నాగర్‌కర్నూల్‌లో ఆఫీసుకు రోజూ నా కారులోనే వెళ్లొస్తాను. సెలవుల్లో హైదరాబాద్ అవతలి ట్రాకు మీదికి తీసుకెళ్లి, మునుపటికంటే ఎంత త్వరగా చుట్టు తిరిగానో చూసుకుంటాను.

ఇంజన్ బలం ఇంకాస్త పెంచుదామనుకున్నప్పుడు మామ ఒప్పుకోలేదు. "ముందు కనెక్టింగ్ రాడ్లు మార్చాలె. పిస్టన్ కొట్టే దెబ్బంత క్రాంకుకు మోసుకపోయేది గవే. కంపెనీ రాడ్లు గంత బలానికి ఆగయి," అన్నాడు.

నేను రాడ్ అడ్డకోతకు హెచ్ ఆకారం మంచిదా, ఐ ఆకారం మంచిదా అని వారాల తరబడి చదివాను. మామ మాత్రం బోల్టుల గురించే అడిగాడు. "రాడ్ ఊకెనే ఇరగది బిడ్డా. బోల్టు సాగుతది, రాడ్‌ను క్రాంకుకు పట్టే టోపీ ఊడుతది, గప్పుడు ఇరుగుతది. బోల్టులు మంచియి ఏడుంటే గవి తీస్కో." పొడవు, పిన్ను రంధ్రం, బరువు మా ఇంజన్‌కు కుదిరే సెట్టు ఒకటి తెప్పించాను. పెట్టె విప్పి నాలుగు రాడ్లనూ బల్ల మీద పరిచినప్పుడు పండగలా అనిపించింది.

తరువాత కారు ఇంజన్ విప్పాం. మామ క్రాంకును చేత్తో తిప్పుతూ పిస్టన్లు ఎంత పైకి వస్తున్నాయో చూస్తున్నాడు. మూడోది మిగతావాటికంటే గోరంత కిందే ఆగిపోయింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ అక్కడే ఆగింది. రాడ్ బయటికి తీసి గ్రానైట్ పలక మీద పెడితే, మిగతా మూడూ అంటుకుని పడుకున్నాయి, అది మాత్రం ఊగింది. పగుళ్లలో ఇంకే రంగు మందు పూసి తుడిచాడు. రాడ్ నడుము దగ్గర వెంట్రుకలాంటి ఎర్రగీత తేలింది.

"నీళ్లు తాగింది గీ ఇంజన్," అన్నాడు. "గాలైతే అణుగుతది, నీళ్లు అణగయి. పిస్టన్ పోయి నీళ్లకు తగిలి రాడ్ వంగింది. నువ్వు వాగులల్ల తోలినవా?"

"లేదు మామా. నీళ్లు కనిపిస్తే ఆమడ దూరంలో ఆపేస్తా."

"మరి గిదెట్లైంది? గీ పగులుతోని ఎన్నొద్దుల సంది తిరుగుతున్నవ్? నూరు స్పీడుల ఇరిగితే బ్లాకు పలగ్గొట్టుకోని బయటికొస్తుండె! ఎవరెవరు ఎక్కిర్రు గీ బండిల?"

వానలు తగ్గాక అందరం అదే కారులో సోమశిల వెళ్లాం. మా ఆయన, అత్తమ్మ, ఆడబిడ్డ పిల్లలిద్దరు. ఆగి ఉన్నప్పుడు కారు కొంచెం వణుకుతోందని నేనే అన్నాను, ఇంజన్ కింది రబ్బరు అరిగిందిలే అనుకుని ఊరుకున్నాను. వచ్చేటప్పుడు ఖాళీ రోడ్డు చూసి, పిల్లలు అడిగారని గట్టిగా తొక్కాను కూడా. వాళ్ల కేరింతలు ఇప్పుడు చెవుల్లో వినిపించాయి.

కారును నీళ్లలోకి తోలింది నువ్వేనా అని మా ఆయనకు ఫోన్ చేసి అరిచాను. "నాకు స్కూటర్ తప్ప ఏం రాదని నీకు తెల్వదా?" అని ఆయన కూడా అరిచాడు. సాయంత్రం ఇంటికి వెళ్లాక గొడవ మళ్లీ మొదలైంది. వసారాలో అత్తమ్మ పల్లీలు ఒలుస్తోంది. తల ఎత్తకుండానే అంది:

"వాన్నెందుకంటవ్ బిడ్డా. నేనే తోలిన."

అత్తమ్మ పొలంలో ట్రాక్టర్ నడపడం మాకు తెలుసు. కారు స్టీరింగ్ ముట్టగా మేమెప్పుడూ చూడలేదు.

వానాకాలంలో మేమిద్దరం పెళ్లికని హైదరాబాద్ బస్సులో వెళ్లినప్పటి సంగతి అది. మా చేను కౌలుకు చేసే ఆమెను కలుపు తీస్తుండగా పాము కరిచింది. వాన తెరిపివ్వలేదు. ఆటోవాళ్లు రామన్నారు. అత్తమ్మ ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టి, నా కారు తీసి దవాఖానకు బయల్దేరింది. వాగు పొంగిన కల్వర్టు మీద నీళ్లలో ఇంజన్ ఠక్కున ఆగిపోయింది. అవతలి చేనువాళ్లు ట్రాక్టర్ తెచ్చి, ఆమెను అందులో దవాఖానకు పంపి, కారును ఒడ్డుకు లాగారు. ఎవరో మెకానిక్ వచ్చి ప్లగ్గులు విప్పి నీళ్లు కక్కించాడు. మేం వచ్చేలోపు అత్తమ్మ సీట్లు ఎండబెట్టింది. కౌలు ఆమె బతికింది. పాము సంగతి మాకు చెప్పారు గానీ కారు సంగతి చెప్పలేదు.

"ఎందుకు చెప్పలేదత్తమ్మా?"

"బండి మళ్ల నడిచింది గద. నీళ్లు ఆరినయంటే అయిపాయె అనుకున్న. లోపల ఇరుగుతున్నదని నాకేం ఎరుక?" అంది. ఎర్రగీత సంగతి చెప్పగానే పల్లీలు పక్కన పెట్టింది. "పిల్లలుండిరి గద బిడ్డా అండ్ల," అని అదే మాట రెండుమూడుసార్లు అంది.

కొత్త రాడ్లు బిగించే రోజు తనూ గద్వాలకు వస్తానంది. మామ నాలుగింటినీ తూచాడు. ఏ రాడ్ టోపీ ఆ రాడ్‌కే పెడుతూ, బేరింగుల సందు చూసి, బోల్టు ఎంత సాగుతోందో గేజీతో కొలుస్తూ బిగించాడు. ప్రతి రాడ్ తరువాత క్రాంకును చేత్తో తిప్పించాడు. అత్తమ్మ స్టూలు మీద కూర్చుని కళ్లార్పకుండా చూసింది. ఇంజన్ స్టార్టయినప్పుడు ఉలిక్కిపడి నా భుజం పట్టుకుంది. ఈసారి ఇంజన్‌లో వణుకు లేదు.

కొత్తగా బిగించిన ఇంజన్ కాబట్టి మెల్లగా నడుపుతూ వస్తున్నాం. పెబ్బేరు దాటాక అత్తమ్మ అంది:

"నీకొకటి చెప్పలే. గా దినం కల్వర్టు మీద నీళ్లు కాళ్ల మీదికి రాంగనే తలుపు తీసిన. ఆమెను ఇడిచిపెట్టి పోదామని ఒక కాలు బయట పెట్టిన. వాగు కాలును గుంజింది. భయమై మళ్ల లోపలికి ఎక్కిన. గంతే. ఆమె కోసం కాదు. ఇప్పుడామె ఊరంత తిరిగి నన్ను దేవతంటది. మొకం ఏడ దాసుకోవాల్నో తెల్వదు."

ఇల్లు చేరేదాకా నేను రోడ్డు చూస్తూ అదే వేగంతో నడిపాను.

కొన్నాళ్లకు అత్తమ్మ ఉండబట్టలేక చేనులో కౌలు ఆమెతోనే ఆ మాట చెప్పేసింది. నేను పక్కనే ఉన్నాను. ఆమె ఏడుస్తుందో, తిడుతుందో అనుకున్నాను. ఆమె కొడవలి నేల మీద పెట్టి నింపాదిగా అంది:

"నాకెరుకనే వదినె. గప్పుడు నాకు సోయుండె. నువ్వు కాలు బయట పెట్టంగ సూసిన."

అత్తమ్మ వెళ్లి గట్టు మీద కూర్చుంది.

"నీ జాగల నేనుంటే రెండు కాళ్లు బయట పెడుతుంటి," అని ఆమె కొడవలి తీసుకుని మళ్లీ సాలులోకి వంగింది.