ఆరనివ్వని వాత

మా మేనత్తకు మోకాలి కింద రూపాయి బిళ్లంత పుండు ఉండేది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అది మానలేదు. ఆమె మాననిస్తే కదా! నకిరేకల్ దగ్గర మా ఊరి ఫ్లోరైడు నీళ్లకు కీళ్లు పట్టేస్తే అందరిలాగే కాల్చిన కడ్డీతో కాలికి వాత పెట్టించుకుంది. వాత ఆరితే లోపలి చెడునీరు గుండెకెక్కుతుందని మావాళ్ల నమ్మకం. పక్కు కట్టగానే గోటితో గీకేసేది. చెప్పీ చెప్పీ నా ప్రాణం విసిగిపోయింది.

తొంభైల్లో నేను హైదరాబాదులో పరిశోధనలో చేరాను. కణాల్లో కబురు మోసే ఒక ప్రోటీన్ మీద పని. చర్మం తెగినా, క్రిములు చొరబడినా అది కేంద్రకంలోకి పోయి జన్యువులను లేపుతుంది. వాపు వస్తుంది, కొత్త కణాలు పుడతాయి, ఉన్నవి చావకుండా నిలుస్తాయి. గాయం మానాక అది బయటికి రావాలి. ఏళ్లతరబడి లోపలే ఉండిపోతే, చావాల్సిన కణాలు కూడా చావక పెరిగి గడ్డ కడతాయి. ఒకనాడు సూక్ష్మదర్శినిలో, ఆ ప్రోటీన్‌కు పట్టించిన రంగుతో క్యాన్సర్ కణాల కేంద్రకాలన్నీ వెలుగుతుంటే అత్త కాలు గుర్తొచ్చింది.

ఆ వారమే ఊరికి పోయాను. పుండు అంచులు గోబీపువ్వులా పైకి లేచి ఉన్నాయి. ముట్టుకుంటే గట్టిగా, వేడిగా ఉంది.

"నొప్పి లేదా అత్తా?"

"నొప్పెక్కడిది బిడ్డా? లోపట ఎవరో మసులుతున్నట్టే ఉంటది. దాని పని అది చేస్తాంది."

బతిమాలి, ఏడ్చి, పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. క్యాన్సరన్నారు. కాలు తీస్తేనే ప్రాణం దక్కుతుందన్నారు. తీశారు. మంచం పక్కన కూర్చుని ఆమెకు తెలిసేలా చెప్పాను: "పుండు పచ్చిగ ఉన్నన్నాళ్లు లోపలి కావలోళ్లు పండుకోరత్తా. పండుకోకనే వాళ్లకు పిచ్చి లేసింది." శ్రద్ధగా విని తలూపింది. గెలిచాననుకున్నాను.

కొన్ని నెలలకు మళ్లీ పోతే అరుగు మీద కూర్చుని ఉంది. మొహం కళకళలాడుతోంది. కానీ మిగిలిన కాలి మీద చీర తడిగా అంటుకుని ఉంది. నేను లేపి చూశాను. మోకాలి కింద కొత్త వాత, పచ్చిగా.

ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వే చెప్పితివి గద బిడ్డా. లోపటోళ్లు పండుకుంటే నన్ను ఎవలు కాస్తరు?"