రెండు బోర్లు, ఒకే లోతు

తొంభైల చివర్లో, కదిరి బస్సులో నా పక్కాయన ఒళ్లో టెంకాయ పెట్టుకుని కూర్చున్నాడు. నేను పాత క్రికెట్ స్కోర్ల పుస్తకం తిరగేస్తున్నాను. వేర్వేరు కాలాల్లో ఆడిన ఒక తండ్రీ కొడుకూ ఒకే స్కోరుకు అవుటయ్యారని కనిపెట్టి, ఉండబట్టలేక ఆయనకు చెప్పాను.

"మాకూ అట్లే అయిందన్నా," అన్నాడు. "మా నాయన వేపిచ్చిన బోరూ, నేను వేపిచ్చిన బోరూ ఒకే లోతులో నిలిచిపోయినాయి. చుక్క నీళ్లు పడలే. ఇప్పుడు నీళ్లు చూసే ఆయప్ప కాడికి పోతాండా. ఈ టెంకాయ ఆయప్ప అరచేతిలో యాడ లేచి నిలబడితే, ఆడ ఇంగో బోరు వేపిస్తా."

"అచ్చం ఒకే లోతా!" అని సంబరపడిపోయాను. పెన్ను తీసి, "ఎన్ని అడుగులు?" అని అడిగాను.

ఆయన పెన్ను వంక చూశాడు. భుజం మీది టవలు తీసి, సర్దుకుని కూర్చున్నాడు. అడుగులు మెల్లగా, రెండుసార్లు చెప్పాడు.

"మా నాయనదీ రాసుకో సార్. పైకి పంపిస్తారా?"

నన్ను కరువు రాసుకోవడానికి వచ్చిన ఆఫీసరనుకున్నాడు. ఆ ఆటగాళ్ల స్కోర్ల కింద రెండు లోతులూ రాశాను.

ఆయన దిగి, కిటికీ దగ్గరికొచ్చాడు.

"పేరు రాసుకోలేదు గదా సార్," అన్నాడు.

నేను మళ్లీ పెన్ను తీశాను.